ఇమామ్ మామ ప్లేటు

మొన్న ఆదివారం మా మనవరాలు చెవుల్లో తెల్ల గుండీలు పెట్టుకుని నా మంచం మీద చేరగిలబడి, "అమ్మమ్మా, నీ ఫేవరెట్ బ్యాండ్ ఏది?" అని అడిగింది. వాళ్ళ స్నేహితులంతా తమకిష్టమైన బ్యాండ్ల పేర్లు, పాడేవాళ్ళ పేర్లు ఒకరికొకరు పంపుకుంటున్నారట. ఇంట్లో పెద్దవాళ్ళవి కూడా అడిగి చేర్చాలట. నేను క్షణం కూడా ఆలోచించకుండా, మా ఇంటి వెనక ఇమామ్ మామ వాయించిన పెళ్ళి బ్యాండ్ అన్నాను. అది ఫోన్లో వెతికింది. తెలుగులో వెతికింది, ఇంగ్లీషులో వెతికింది, చివరికి పెదవి విరిచి, "లేదు అమ్మమ్మా, ఇంకోటి చెప్పు" అంది. ఫోన్లో లేకపోతే లోకంలోనే లేనట్టు వీళ్ళకి. నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, అందులో దాచేదేం లేదు. కానీ ఆ కోపం పిల్ల మీద కాదని అది వెళ్ళిపోయాక అర్థమైంది. ఇమామ్ మామ క్లారినెట్టు వాయించిన గ్రామఫోను ప్లేటు ఒకటి నిజంగానే ఉండేది. అది ఎక్కడా దొరకకుండా చేసిందాన్ని నేనే. ఈ సంగతి నా పిల్లలకు కూడా సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు మేము మారేడ్‌పల్లిలో, ఒక సన్నటి సందులో పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న రైలు ఆఫీసులో గుమాస్తా. ఆదివారాలు చర్చిలో కాళ్ళతో తొక్కుతూ వాయించే పెద్ద హార్మోనియం దగ్గర కూర్చునేవాడు. మా నాయనమ్మ రూతమ్మ గుంటూరు వైపు మనిషి. చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పి ప్రార్థన చేసే బైబిలు స్త్రీగా ఆమెకు పెద్ద పేరుండేది. నీలిమందు పెట్టి ఉతికిన తెల్ల చీర, చంకలో సంచి, నడుస్తుంటే వేపనూనె వాసన. ఆమె వీధిలోకి వస్తే గోళీలాడే పిల్లలు సైతం గోళీలు జేబులో వేసుకునేవారు. మా పెరటి గోడకు అవతల ఇమామ్ మామ ఇల్లు. పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు. వాళ్ళది తరాలుగా తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. ఆయన భార్య ఖాజాబీ అత్త, కూతురు మాబూబీ. మాబూబీ నాకంటే ఏడాది పెద్దది, అందుకే అన్నిట్లోనూ నన్ను శాసించేది. శుక్రవారం పొద్దున ఆ పెరట్లోంచి చింతపండుతో తోమిన ఇత్తడి వాసన వచ్చేది. మేళంలోని బూరలన్నీ ఆ ఇంట్లోనే తోమేవాళ్ళు. ఇమామ్ మామ మాత్రం క్లారినెట్టు నోటికి కట్టే సన్నటి రెల్లు బద్దను నోట్లో నానబెట్టుకుని పెరడంతా తిరిగేవాడు. ఆ సమయంలో ఆయన్ని ఏం అడిగినా తల ఊపడమే జవాబు. అవునో కాదో మనమే తేల్చుకోవాలి.

మా ఇంట్లో ఒక గ్రామఫోను పెట్టె ఉండేది. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఎవరో దొర సామాను హర్రాజు వేస్తుంటే నాన్న పాడుకుని తెచ్చాడు. ఇమామ్ మామ దగ్గర పెట్టె లేదు, ప్లేట్లున్నాయి. అలా మొదలైంది మా శనివారం. ఆ రోజు నాన్నకు ఒంటిపూట ఆఫీసు. అన్నం తిని ఒక కునుకు తీసి లేచేసరికి గోడకున్న చిన్న తలుపు తీసుకుని వాళ్ళు ముగ్గురూ వచ్చేవాళ్ళు. ఇమామ్ మామ చంకలో పాత తువ్వాలులో చుట్టిన ప్లేట్లు. వసారాలో చాప పరిచి, పెట్టెను ముక్కాలిపీట మీద పెట్టి, నాన్న దానికి కీ ఇచ్చేవాడు. ఒక ప్లేటు మాది, ఒక ప్లేటు వాళ్ళది, వంతులు. గ్రామఫోను సూది నిజానికి ఒక్కసారి వాడి పారేయాలి. నాన్న పొదుపు మనిషి. మూడు సార్లు వాడొచ్చని ఆయన లెక్క. అందుకని సూది మార్చకుండా ప్రతి ప్లేటూ మూడు సార్లు మోగేది. ఆ మూడు సార్లూ ఎవరూ నోరెత్తకూడదు. మూడోసారి అయ్యాక ముందు అవతలి ఇంటివాళ్ళే మాట్లాడాలి. ప్లేటు తెచ్చినవాళ్ళు తమదాన్ని తాము మెచ్చుకోకూడదు. పొదుపు కోసం పుట్టిన ఈ పద్ధతి చివరికి మాకు ఆచారమైపోయింది. మొదటిసారి వినగానే మొహం ముడుచుకున్న పాట మూడోసారికి నోటి మీదకు వచ్చిన సందర్భాలు బోలెడు.

ఎవరికి ఏది ఇష్టమో అనుకున్నట్టు ఎప్పుడూ జరగలేదు. నాన్న ఇంగ్లీషు మిలిటరీ బ్యాండు ప్లేట్లు, కీర్తనల ప్లేట్లు పెట్టేవాడు. అమ్మకు వీణ ప్లేటు ఒకటి ప్రాణం. ఇమామ్ మామ కవ్వాలీలు, షెహనాయి తెచ్చేవాడు. తీరా చూస్తే చప్పట్లు కొట్టి పాడే కవ్వాలీలకు నేను పిచ్చిదాన్నయ్యాను. మాబూబీ మా దొర సామానులో వచ్చిన ఇంగ్లీషు డాన్సు ప్లేటు కోసం చచ్చిపోయేది. ఖాజాబీ అత్త వీణ విని, "గీమె వేలికి ఎంత నొప్పి లేస్తదో" అని జాలిపడేది. ఇమామ్ మామ అన్నిటికంటే దొంగ. మా ప్లేట్లు విని మెదలకుండా వెళ్ళి వాటిని పెళ్ళిళ్ళలో వాయించేసేవాడు. ఒకసారి మోండా మార్కెట్టు దగ్గర ఒక పెళ్ళికొడుకు గుర్రం మీద ఊరేగుతున్నాడు, ముందు మా క్రిస్మస్ కీర్తన రెట్టింపు వేగంతో వెళుతోంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న అక్కడే నిలబడిపోయి, "తాళం చూడవే, ఎంత చక్కగా పట్టాడో" అని మురిసిపోయాడు. మౌలాలి గుట్ట ఉరుసు బయట కూడా మా మార్చింగ్ పాటొకటి మోగిందని మాబూబీ గొప్పలు పోయింది.

ఈ శనివారాల్లో చేరని మనిషి నాయనమ్మ ఒక్కతే. కీర్తనలు తప్ప మిగతావన్నీ సాతాను కూతలని ఆమె అభిప్రాయం, ఆ అభిప్రాయం అందరికీ వినపడేలా చెప్పేది. వాళ్ళు రాగానే చేట పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని బియ్యం ఏరేది. ప్లేటు తిరుగుతున్నంతసేపూ తలుపు వెనక చేట చప్పుడు ఉండేది కాదు. శనివారం అన్నంలో మాత్రం రాళ్ళు తగిలేవి. నాన్న పంటి కింద రాయి పడినా మాట్లాడకుండా తీసి పళ్ళెం పక్కన పెట్టేవాడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ అనని సంగతి అదొక్కటే.

ఇమామ్ మామ తన సొంత ప్లేటు గురించి చాలాకాలం చెప్పనే లేదు. ఎప్పుడో ప్లేట్లు చేసే కంపెనీవాళ్ళు పట్నానికి వచ్చి, ఒక హోటలు గదిలో యంత్రం పెట్టి, దొరికిన పాటగాళ్ళందరినీ పాడించుకుపోయారట. ఆ వరసలో వీళ్ళ మేళం కూడా వాయించింది. ఒక వైపు మేళమంతా కలిసి వాయించిన పాట. రెండో వైపు పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు వాయించే రాగం, క్లారినెట్టు ఒక్కటే, ఇమామ్ మామ సొంతంగా కట్టింది. మధ్యలో అంటించిన గుండ్రటి కాయితం మీద పెళ్ళి బ్యాండు అనీ, కింద చిన్న అక్షరాల్లో క్లారినెట్టు ఇమామ్ అనీ ఉర్దూలో అచ్చయి ఉంది. ప్లేటు అమ్మకానికి రానేలేదు, మేళం మొత్తానికి రెండే ఇచ్చారు, ఒకటి బ్యాండు మేస్త్రికి, ఒకటి ఈయనకు. మాబూబీ ఉండబట్టలేక ఒకరోజు నాకు చెప్పేసింది, నేను నాన్నకు చెప్పాను. నాన్న నాలుగు శనివారాలు అడిగితే అయిదో శనివారం తెచ్చాడు. మూడు సార్లు మోగింది. మేమే ముందు మాట్లాడాలి. నాన్న అరిగిన సూది తీసేసి, కొత్త సూది బిగించి, నాలుగోసారి పెట్టాడు. మా నాన్న చేతి పొదుపు తెలిసినవాళ్ళకు అదెంత మాటో అర్థమవుతుంది. ఇమామ్ మామ తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ ప్లేటు పెట్టని శనివారం లేదు.

రజాకార్ల రోజులు వచ్చాయి. సందులో పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవడం, మేము దగ్గరకు వెళితే మాట మార్చడం అప్పుడే మొదలైంది. వీధుల్లో జెండా ఊరేగింపులు జరిగేవి. ఊరేగింపన్నాక ముందు బ్యాండు ఉండాలి కదా. మేస్త్రి ఎవరు పిలిచినా ఒప్పుకునేవాడు. ఒక సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వస్తూ, ఖాకీ కోటు తొడుక్కుని ఊరేగింపు ముందు క్లారినెట్టు వాయిస్తూ నడుస్తున్న ఇమామ్ మామను చూశాడు. ఆ కోటు కొత్తదేం కాదు, పెళ్ళిళ్ళకు తొడుక్కునేదే, జరీ పట్టీలు ఊడదీస్తే ఖాకీ మిగిలింది. ఆ శనివారం చాప మీద కూర్చోగానే నాన్న ఎందుకు వెళ్ళావని అడిగాడు.

"మేస్త్రి పొమ్మండు సారూ. పోనంటే మేళంల ఉండనిస్తడా? పెండ్లికి వాయించినట్లే వాయించిన, అంతకంటె నాకేం ఎరుక."

"పెళ్ళికి వాయించినట్టే వాయించావా ఇమామ్ సాబ్?" అన్నాడు నాన్న.

ఆయన తువ్వాలు మూట విప్పలేదు. ఆ రోజు ఒక్క ప్లేటు మోగి ఆగిపోయింది. ఆ తర్వాతి శనివారం గోడ తలుపు తెరుచుకోలేదు, మరుసటిదీ అంతే. నాన్న చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట అన్నందుకు ఆయన తనను తాను చాలాకాలం క్షమించుకోలేదని నాకు తరవాత తెలిసింది. నేను మాత్రం మాబూబీ రాకుండా చేశాడని నాన్నతో మాట్లాడడం మానేశాను.

పోలీసు చర్య నాలుగైదు రోజుల్లో ముగిసింది. విమానాల మోత విని మేము మంచాల కింద దూరాం, ఆ తర్వాత ఒకరోజు జనం దండలు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. నేనూ వెళ్ళాను, ఎవరో నా చేతిలో మిఠాయి పెట్టారు. తిరిగొచ్చేసరికి మా వసారాలో ఇమామ్ మామ నిలబడి ఉన్నాడు. మేస్త్రి ఇల్లు ఖాళీ చేసి ఎటో పారిపోయాడట. ఖాజాబీ అత్తను, మాబూబీని అల్వాల్‌లో అత్త తమ్ముడింటికి పంపించేశాడట. తువ్వాలు మూటా, క్లారినెట్టు పెట్టే నాన్న చేతిలో పెట్టి, "సారూ, ఇవి జెర పైలంగ పెట్టుండ్రి" అన్నాడు. నాన్న ఏదో చెప్పబోయాడు. ఆయన వినడానికి నిలబడలేదు. రెండు రోజుల తర్వాత, ఖాకీ కోటుతో ఊరేగింపుల్లో నడిచాడని ఎవరో చెబితే, రజాకారనే అనుమానంతో ఆయన్ని విచారణకు తీసుకుపోయారు.

ఇక నా సంగతి. ఇళ్ళు సోదా చేస్తున్నారని సందులో పుకారు పుట్టింది. నాయనమ్మ బాగా భయపడింది. ఆ ప్లేట్ల మీదున్న ఉర్దూ రాతలు ఎవరి కంటనైనా పడితే కొడుకు ఉద్యోగం పోతుందని అమ్మతో అంటుంటే విన్నాను. నాన్న నవ్వి, ఉర్దూ రాతలు దాచాలంటే ఊరంతటినీ దాచాలి, నా ఆఫీసు కాయితాలన్నీ ఉర్దూలోనే ఉన్నాయి అన్నాడు. ఆ నవ్వు నాకెక్కలేదు, నాయనమ్మ భయం ఎక్కింది. నాన్న పాత కవర్ల మీది తపాలా బిళ్ళల్ని వేడినీళ్ళలో నానబెట్టి చిరగకుండా ఊడదీసి పుస్తకంలో అంటించేవాడు. ఆ పనిలో నేనే ఆయనకు సహాయం. సరే, బిళ్ళలు ఊడినట్టే ఈ కాయితాలూ ఊడతాయి, నల్లటి ప్లేటు మిగులుతుంది, దాని మీద ఏ భాషా ఉండదు, ఇమామ్ మామ వచ్చాక మళ్ళీ అంటించుకోవచ్చు. పన్నెండేళ్ళ దాన్ని, నా తెలివికి నేనే మురిసిపోయాను. అమ్మ వీధిలోకి వెళ్ళగానే, స్నానాలకు నీళ్ళు కాగుతున్న కాగులో అయిదు ప్లేట్లూ ఒకదాని తర్వాత ఒకటి జారవిడిచాను.

అవి లక్కతో చేసినవని నాకేం తెలుసు. కాసేపటికి గరిటెతో పైకి లేపితే మొదటిది అప్పడంలా వంగి వేలాడింది. గాభరాపడి మిగతావి లాగాను. ఒకటి గరిటె మీదే దోనెలా ముడుచుకుంది, రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇమామ్ మామ ప్లేటు అన్నిటికంటే అడుగున ఉండింది. దాన్ని నేల మీద పెట్టి అరచేతులతో అదిమాను, చేతులు బొబ్బలెక్కాయి, అది సాపు కాలేదు. మీది కాయితం మాత్రం నేను కోరుకున్నట్టే ఊడొచ్చింది, ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కల్ని పొయ్యిలో వేశాను. ప్లేట్లను గోనెసంచిలో చుట్టి కట్టెల గదిలో దాచాను. చేతులకేమైందని అమ్మ అడిగితే కాగు మూత తగిలిందన్నాను.

అదే వారంలో నాన్న విచారణ జరిగే సర్కారు కచేరీకి వెళ్ళి వచ్చాడు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడట. ఇతను పొట్టకూటికి వాయించేవాడే అయితే రుజువు చూపించమన్నాడట, కాయితం మీద ఏదైనా. మేస్త్రి లేడు, మేళం చెదిరిపోయింది. ఇరుగుపొరుగు మాట ఎవరు నమ్ముతారు, ఎవరి పొరుగువాడిని వాళ్ళు మంచివాడనే అంటారు కదా. రుజువు లేకపోతే మిగతావాళ్ళతో పాటు దూరం జైలుకు పంపేస్తారు. నాన్న చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి, "ప్లేటుంది కదే! పేరు అచ్చయి ఉంది! పెళ్ళి బ్యాండని రాసి ఉంది!" అని మూట దాచిన పెట్టె తెరిచాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను చాలా రోజులుగా చూడలేదు. తువ్వాలు మాత్రం ఉంది. ఇల్లంతా వెతుకుతుంటే నేను కట్టెల గదిలోంచి గోనెసంచి తెచ్చి ఆయన ముందు పెట్టాను. నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆ దోనెల్లాంటి ప్లేట్లను ఒక్కొక్కటీ తీసి వరసగా పేర్చుకుని వాటి ముందు కూర్చుండిపోయాడు. రేపు నువ్వు నాతో కచేరీకి వస్తున్నావు, ఏం చేశావో నీ నోటితో చెప్పాలి అన్నాడు.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. నాయనమ్మ, "నేనూ వస్తాను" అంది. నువ్వెందుకమ్మా అన్నాడు నాన్న. "ఆ ప్లేటు మోగినప్పుడల్లా నేను తలుపు వెనక ఉన్నాను. ఇదివరకు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను" అంది నేల చూపులు చూస్తూ. నాన్న చాలా మెల్లగా, మాకు తెలుసమ్మా అన్నాడు. ఆమె మొహం కందగడ్డలా అయిపోయింది.

మరునాడు వానలో ముగ్గురం వెళ్ళాం. అధికారి ఉత్తరాది మనిషి, హిందీ తప్ప రాదు. నాన్న తనకొచ్చిన ఉర్దూలో తర్జుమా చేశాడు. నేను సంచిలోంచి వంకర ప్లేటు తీసి, ఏం చేశానో చెప్పాను. ఏడవకూడదనుకుని ఏడ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దీని మీద ఏముంది, ఏమీ లేదే అన్నాడు. నిజమే. అప్పుడు నాయనమ్మ ముందుకు జరిగి, అందులో ఉన్నది నాకొచ్చు, నేను పాడతాను, నా పాట వినపడకుండా అతన్ని దూరంగా వేరే గదిలో ఉంచి, తర్వాత తీసుకొచ్చి అదే పాడమనండి, రెండూ ఒకటైతే ఇద్దరు సాక్షులున్నట్టే కదా అంది. ఆయనకు ఇది వింతగా తోచి ఉంటుంది, సరేనన్నాడు. కీర్తన తప్ప మరో పాట పెదవి మీదికి రానివ్వని మా నాయనమ్మ, తల మీద కొంగు సవరించుకుని, కళ్ళు మూసుకుని, పెళ్ళికూతుర్ని సాగనంపే రాగం మొదటి నుంచి చివరి దాకా నానానా అంటూ పాడింది. ఎక్కడా ఆగలేదు. బయట జవాన్లు తొంగిచూశారు. నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత ఇమామ్ మామను తెచ్చారు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఏం జరుగుతోందో అర్థంకాక బిత్తరపోయాడు. నీ ప్లేటులోని రాగం పాడమన్నారు. పాడాడు. అధికారి వేలితో బల్ల మీద తాళం వేస్తూ విన్నాడు. అన్నీ కలిశాయి, ఒక్కచోట తప్ప. మధ్యలో నాయనమ్మ పైకెత్తినచోట ఇమామ్ మామ కిందికి దిగాడు. అధికారి వేలు ఆగింది. ఇది వేరుగా ఉందే అన్నాడు. నేను నాన్న చొక్కా పట్టుకున్నాను. నాన్న తర్జుమా చేయకముందే నాయనమ్మకు సంగతి అర్థమై, ఇమామ్ మామ మీదికి తిరిగింది.

"అక్కడ పైకి వెళ్ళాలి కదయ్యా, కిందికి దిగావేం?"

ఇమామ్ మామ ముందు తెల్లబోయాడు. తర్వాత ఉన్న చోటు మరిచిపోయాడు. "గాడ కిందికే దిగాలె అమ్మా. పిల్ల తల్లిని ఇడిచి పోతున్నది గదా, దుఃఖం కిందికే దిగుతది."

"కాదు, పైకే పోయింది. వారం వారం నా చెవులతో విన్నాను."

"వాయించినోన్ని నేను."

"విన్నదాన్ని నేను."

ఇద్దరూ పాడి పాడి చూపించుకున్నారు. ఈమె చెయ్యి పైకెత్తుతుంది, ఆయన కిందికి దించుతాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఎవరిది తప్పో తేల్చాల్సిన ప్లేటు వంకరపోయి బల్ల మీద పడి ఉంది. అధికారి ఏమంటున్నారని అడిగితే, నాన్న ఆ తగవునంతా అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేశాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఈ ముసలావిడ ఇంతకుముందు ఇతనితో ఎప్పుడైనా మాట్లాడిందా అని అడిగాడు. లేదు, ఒక్కసారి కూడా లేదన్నాడు నాన్న. కూడబలుక్కుని వచ్చినవాళ్ళు ఇలా తగవు పడరనుకున్నాడేమో, ఆయన ఏదో రాసుకుని, ఇక వెళ్ళమన్నాడు. వారం రోజులకు ఇమామ్ మామ ఇంటికొచ్చాడు. ఆ తగవు వల్లే వదిలారో, వదలాల్సినవాడే కాబట్టి వదిలారో నాకు తెలియదు. నాయనమ్మ వల్లేనని మా సందంతా నమ్మింది, ఆమె కూడా నమ్మింది.

దానికి ఆమె చెల్లించుకున్నది తక్కువేం కాదు. బైబిలు స్త్రీ కచేరీలో బ్యాండు పాట పాడిందని చర్చి పెద్దల దాకా వెళ్ళింది. పాస్టరుగారు పిలిపించారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు. ఇళ్ళు తిరిగి ప్రార్థన చేసే పని మాత్రం ఆ నెల నుంచి ఇంకొకరికి అప్పగించారు. సంచి మేకుకు తగిలించి, ఇక నాకు తీరికే కదా అంటూ శనివారం వసారాలోకి ఇంకో ముక్కాలిపీట తెచ్చుకుని చేటతో కూర్చుంది. ఆ పీట మీద ఆమెను చూసినప్పుడల్లా నా కళ్ళు మేకుకున్న సంచి మీదికి పోయేవి.

మాబూబీ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఒక్కటే మాట అంది, "మా నాయిన పేరుండె దాని మీద, నువ్వు పొయ్యిల ఏసినవ్" అని. ఇమామ్ మామ ఆ ప్లేటును చేతుల్లోకి తీసుకుని, గీతల మీద వేలు తిప్పి, "నీళ్ళు ఎంత వేడిగుండె బిడ్డా?" అని అడిగాడు. స్నానానికి కాచినవి అన్నాను. "గంతేనా" అని, నా అరచేతుల మీది మచ్చలు చూసి, దాన్ని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నాన్న ఊరేగింపు మాట ఎత్తి ఏదో సంజాయిషీ చెప్పబోతే, ఆయన నోట్లో రెల్లు బద్ద పెట్టుకుని తల ఊపాడు. అది అవునో కాదో నాన్న ఎన్నేళ్ళు ఆలోచించాడో పాపం. శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ప్లేటు లేదు కాబట్టి ఇమామ్ మామే పోయిన ప్లేట్లలోని కవ్వాలీ ఒకటి నోటితో పాడేవాడు. నోటికి సూది అరగకపోయినా మూడు సార్లే పాడేవాడు.

మా మనవరాలి ఫోన్లో ఇప్పుడు లోకంలోని పాటలన్నీ ఉన్నాయి. నచ్చకపోతే పది లెక్కపెట్టేలోపు వేలితో తోసేస్తుంది. అది తప్పని నేననను. మాకు తోసేయడానికి ఇంకో పాట లేదు, అంతే. ఉన్న తొమ్మిది ప్లేట్లే మళ్ళీ మళ్ళీ వినాలి, పక్కింటివాళ్ళ ఇష్టాన్ని చచ్చినట్టు మూడు సార్లు భరించాలి. ఆ భరించడంలోనే పక్కింటి మనిషి నాకు కాస్త తెలిశాడేమో అనిపిస్తుంది. అలాగని ఆ రోజులు మంచివని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అదే సందులో ఎవరో ఒకరు ఇమామ్ మామ పేరు చెప్పి పట్టించారు. వాళ్ళెవరో మాకు తెలియదు. వాళ్ళూ మా వసారాలోంచి వచ్చే పాటలు ప్రతి శనివారం విన్నవాళ్ళే అయ్యుంటారు.

మూడు నాలుగేళ్ళకు మాబూబీ పెళ్ళి అల్వాల్ సంబంధంతో కుదిరింది. అప్పటికి మేమిద్దరం మళ్ళీ ఒక్క కంచంలో తినేంత దగ్గరయ్యాం. పెళ్ళికి కొత్త మేళం వచ్చింది. ఆడపిల్ల తండ్రి వాయించకూడదని పెద్దలన్నారు, ఇమామ్ మామ సరేనన్నాడు. తీరా పిల్లను బండి ఎక్కించే వేళ ఖాజాబీ అత్త కూతురి మెడ పట్టుకుని వదలకపోతే, ఆయన ఉన్నట్టుండి వెళ్ళి ఆ మేళంలో కుర్రవాడి చేతిలోంచి క్లారినెట్టు తీసుకున్నాడు. ఆ రాగం మొదలుపెట్టాడు. మాబూబీ బండిలోంచి నా వైపు చూసింది. మేమిద్దరం ఏడుస్తూనే తగవు తెగని ఆ చోటు కోసం ఎదురుచూశాం. నాయనమ్మ ఆడవాళ్ళ వరసలో అందరికంటే ముందు, తెల్ల చీరలో, నిటారుగా కూర్చుంది. ఆ చోటు వచ్చింది. ఇమామ్ మామ ఆమె వైపు చూస్తూ కిందికి దిగకుండా పైకి వెళ్ళాడు.

నాయనమ్మ పక్కనున్న ఆవిడ మోచెయ్యి పట్టుకుని, పందిరంతా వినపడేలా అంది: "ఇప్పుడు సరిగ్గా వాయించాడు."